ఒకే చేతిలో రెండు బిళ్ళలు

ఏడేళ్ళ నాలుగు నెలలుగా నేనొక అబద్ధాన్ని మోస్తున్నాను. నాలుగు మాటల అబద్ధం. వచ్చాడు, నా చేతికే ఇచ్చాడు. మొదటిసారి హిందీలో అన్నాను, అడిగినవాడికి తెలుగు రాదు కాబట్టి. పోలీసు చౌకీలో కాగితం మీద రాశాను. మంచిర్యాలకు తిరిగి వచ్చాక తెలుగులో అన్నాను. ఒక ఆడమనిషి ఇంట్లో కూర్చుని, ఆమె వడ్డించిన అన్నం తింటూ కూడా అన్నాను. ఎన్నిసార్లు అన్నానో నా దగ్గర లెక్క ఉంది. అది మీకు చెప్పను. చెబితే అందులోనూ ఏదో గొప్ప ఉన్నట్టు వినిపిస్తుంది.

నా పేరు రాయడం లేదు. మిగతావాళ్ళ పేర్లు మార్చాను. ఇంకేదీ మార్చలేదు.

ముందు నేనెవరో చెప్పాలి. లేకపోతే నేను చేసిన తప్పు మీకు అర్థం కాదు. మా బాపు కరీంనగర్ దగ్గర ఒక చిన్న పట్టణంలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, గుడ్డ నేసేవాడు. నేను ఏడో తరగతితో బడి మానేశాను. లెక్క మాత్రం సాంచె పక్కన నిలబడి నేర్చుకున్నాను. పోగులు ఎన్ని, తెగినవి ఎన్ని, గంటకు ఎంత గుడ్డ దిగుతుంది. ఎవరూ నేర్పలేదు. తర్వాత బొగ్గు బాయిలో కూలీగా చేరాను. మా వైపు గనిని బాయి అంటాం. నేను నోటితోనే కూడికలు తీసివేతలు చేయడం చూసి, నన్ను దీపాల గదిలో వేశారు. బాయిలోకి దిగే ప్రతి మనిషీ అక్కడ తలదీపం, ఇత్తడి బిళ్ళ తీసుకుంటాడు. బిళ్ళ మీద అతని నంబరు ఉంటుంది. పైకి వచ్చాక రెండూ నా కిటికీలో ఇస్తాడు. నేను బిళ్ళను బోర్డు మీద అతని మేకుకు తగిలిస్తాను. బోర్డు నిండితే కింద ఎవరూ లేనట్టు. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా ఒక మనిషి భూమి లోపల ఉన్నట్టు.

నియమం ప్రకారం ఎవరి బిళ్ళ వాళ్ళే ఇవ్వాలి. కానీ షిఫ్టు దిగేసరికి బస్సు సిద్ధంగా ఉంటుంది. అలసిన మనిషి తన బిళ్ళ పక్కవాడి చేతిలో పెట్టి సీటు కోసం పరుగెత్తుతాడు. పక్కవాడు రెండు బిళ్ళలు ఇస్తాడు. తప్పే, అయినా అందరికీ అలవాటే. నేనూ తీసుకునేవాణ్ణి. కాకపోతే కిటికీలోంచి తల బయటపెట్టి ఆ రెండో మనిషి ఎక్కడున్నాడో చూసేవాణ్ణి. బస్సు దగ్గర్నుంచి అతను చెయ్యి ఊపేవాడు. అప్పుడే తగిలించేవాణ్ణి. పంతొమ్మిదేళ్ళు అలా తల ఎత్తి చూశాను.

కొండలకు వెళ్దామన్నది ఓదెలు. బాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అతనిది. నాకంటే మూడేళ్ళు చిన్న. చుట్టం కాకపోయినా నన్ను బావా అనేవాడు.

"బావా, ఇరవై ఏండ్ల సంది భూమి కిందికే దిగుతున్నం. ఒక్కపారన్న మీదికి ఎక్కి సూద్దామె. గక్కడ కప్పు కూలే ఫికరన్న ఉండది" అన్నాడు ఒకరోజు టీ కొట్టు దగ్గర.

"నీ అసొంటోడు ఎక్కితే కొండే కూలుతది" అన్నాడు మల్లేశం. బాయిలో నీళ్ళు తోడే పంపు దగ్గర పనిచేసేవాడు అతను. అందరం నవ్వాం. నవ్వులాటగా మొదలైన మాట ఏడాదిలో నిజమైంది. ఎనిమిది మందిమి సెలవు పెట్టుకున్నాం. వీపు మీద పన్నెండు కిలోల ఇసుక సంచులు వేసుకుని కెరమెరి ఘాట్ ఎక్కి దిగి సాధన చేశాం. ఎవరు ఎన్ని అడుగులకు ఆగుతున్నారో నేను రాసుకునేవాణ్ణి. ఓదెలు అందరికంటే ఆలస్యంగా ఆగేవాడు.

ఉత్తరాఖండ్‌లో, రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి ఆరు రోజుల నడక. మూడు రోజులు లోయ వెంట పైకి, నాలుగో రోజు హిమానీనదం దాటడం, రెండు రోజులు అవతలి వైపు దిగడం. మా గైడు ధరమ్ సింగ్ అక్కడి కొండల మనిషి, యాభై ఏళ్ళ వాడు, తక్కువ మాట్లాడేవాడు. సామాను మోసేవాళ్ళు ముందే వెళ్ళి గుడారాలు వేసేవారు. అందరికంటే వెనక నడవాల్సిన రెండో గైడు రెండో రోజే జ్వరంతో కిందికి వెళ్ళిపోయాడు. అప్పుడు ధరమ్ సింగ్ కొంచెం ఆలోచనలో పడ్డాడు. నేను నా సంచిలోంచి ఎనిమిది బిళ్ళలు, ఎనిమిది మేకులు కొట్టిన చిన్న చెక్క తీసి చూపించాను. మంచిర్యాలలోనే చేయించుకుని తెచ్చాను. నడిచేటప్పుడు ఎవరి బిళ్ళ వాళ్ళ జేబులో. శిబిరానికి చేరగానే నా చేతికి. చెక్క నిండితే అందరూ వచ్చినట్టు. అతనికి నచ్చింది. ఆ రోజు నుంచి నన్ను మున్షీజీ అన్నాడు, లెక్కలు రాసే గుమాస్తా అని. ఎంత గర్వపడ్డానో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

హిమానీనదం అంటే తెల్లగా ఉంటుందనుకున్నాను. బూడిద రంగులో, రాళ్ళు నిండి, మా బాయి దగ్గరి మట్టి గుట్టలా ఉంది. లోపల ఎక్కడో ఏదో విరుగుతున్నట్టు చప్పుడు. మొదటి రోజు వంద అడుగులకు ఒకసారి ఊపిరి కోసం ఆగాను. మూడో రోజు నలభైకి. నాలుగో రోజు మంచు మీద పదిహేనుకు. అందరం ఒకే తాడుకు కట్టుకుని నడిచాం. ఓదెలు చేతికర్రతో ముందు మంచును తట్టి, తల వంచి వినేవాడు. బాయిలో కప్పును తట్టి వినే అలవాటు. "ఈడ బోలుగుంది బావా, జర జరుగు" అనేవాడు. గైడు కూడా ఒకసారి ఆగి అతన్ని చూశాడు.

మధ్యాహ్నానికి మంచు నది దాటేశాం. అవతలి గట్టు రాళ్ళ దారి. ప్రమాదం లేదు, దారి పొడవునా రాళ్ళు పేర్చిన గుర్తులు ఉన్నాయి. గైడు తాడు విప్పేసి, ఎవరి ఓపికను బట్టి వాళ్ళు రండి అని, తను శిబిరానికి పైన ఉన్న గుట్ట మీదికి వెళ్ళి నిలబడ్డాడు. అప్పటికే మంచు కురుస్తోంది. అందరం ఒకే దుకాణంలో కొన్న ఒకే నీలం వానకోట్లు వేసుకున్నాం, ముఖాలు కప్పుకున్నాం. ఎవరు ఎవరో, ఎంతమంది దాటారో అతనికి తెలియదు. నిమిషానికి ఒకసారి ఈల వేస్తున్నాడు, వెనకవాళ్ళకు దిక్కు తెలియడానికి. నేను రెండోవాణ్ణిగా చేరి, గుడారం వాకిలి లోపల చెక్క పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కొక్కరే వచ్చి ఇచ్చారు. ఆరు నిండాయి.

మూడు గంటల పది నిమిషాలకు మల్లేశం వచ్చాడు. పెదవులు నల్లబడ్డాయి. తల పగిలిపోతోందన్నాడు. అరచేయి చాపాడు.

"ఇగో అన్నా, నాది. గిది ఓదెలుది."

"ఆయనేడి?"

"ఎనకనే వస్తుండు. బూటు తాడు ఊడింది, కట్టుకుంటున్న, నువ్వు వోయి ఏసెయ్ అన్నడు. మా బావ ఏమనడు తియ్ అన్నడు."

ఒకే చేతిలో రెండు బిళ్ళలు. నాకు వింతగా అనిపించలేదు. అదే మీరు అర్థం చేసుకోవాలి. మరొకరు ఎవరైనా అయితే అక్కడే ఆగేవాళ్ళేమో. నాకు అది పంతొమ్మిదేళ్ళుగా రోజూ చూసిన చేయి. తీసుకున్నాను. తల బయట పెట్టి చూడాలి. వాకిలి గుడ్డ ఎత్తితే మంచు లోపలికి కొడుతుంది. వేళ్ళు అప్పుడే కొంచెం వెచ్చబడ్డాయి. ఎత్తలేదు. రెండు బిళ్ళలూ తగిలించాను.

బయట గుట్ట మీది నుంచి గైడు అరిచాడు. అందరూ వచ్చారా మున్షీజీ?

పూరా ఆఠ్, అన్నాను. మొత్తం ఎనిమిది.

ఈల ఆగిపోయింది.

ఇక్కడి వరకు చేసింది పొరపాటు అనుకోవచ్చు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకోవాలని చూశాను. పొరపాటే అయితే ఇది రాయాల్సిన పనే లేదు. తర్వాత చేసింది పొరపాటు కాదు.

ఓదెలు ఉండాల్సింది మల్లేశం గుడారంలో. మల్లేశం అందులో పడి స్పృహ ఉండీ లేనట్టు మూలుగుతున్నాడు. అందుకే ఎవరికీ తెలియలేదు. అయిదుంబావుకు వేడి సూపు పోస్తుంటే ఒక గ్లాసు మిగిలింది. ధరమ్ సింగ్ ఆ గ్లాసు వైపు, తర్వాత నా వైపు చూశాడు. ఎనిమిదో మనిషి ఏడి? నువ్వు అందరూ వచ్చారన్నావు కదా?

అందరూ నన్నే చూస్తున్నారు. చెక్క నా పక్కనే ఉంది, నిండుగా. ఆ క్షణంలో ఏమనుకున్నాను? చాలాసార్లు నన్ను నేను అడిగాను. ఓదెలు పక్కనే ఎక్కడో ఉంటాడు, ఏదో ఎకసక్కెం ఆడుతూ ఇప్పుడే వస్తాడు, అయిదు నిమిషాల దానికి నా లెక్క తప్పిందని ఎందుకు ఒప్పుకోవాలి అనుకున్నాను. ఇంతే. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండేదని ఎంత వెతికానో. లేదు.

వచ్చాడు, నా చేతికే ఇచ్చాడు, అన్నాను.

అయితే కాలకృత్యానికి వెళ్ళి దారి తప్పాడు, అన్నాడు గైడు. అందుకోసం వెళ్ళే చోటు శిబిరానికి కింద, వాగు వైపు. అందరూ అటు పరుగెత్తారు. వచ్చిన దారి పైన ఉంది. అటు ఎవరూ చూడలేదు. చూడాల్సిన పని లేకుండా నేనే చేశాను.

నేను మాత్రం పైకి వెళ్ళాను. మాట వెనక్కి తీసుకోకుండా మనిషిని మాత్రం తెచ్చేద్దామనుకున్నాను. అరవై అడుగులు వేశాను. పిలిచాను. మంచులో నా గొంతు నాకే వినిపించలేదు. అరవయ్యో అడుగు దగ్గర ముందున్న గుర్తు రాళ్ళు కనిపించలేదు. భయమేసింది. తిరిగి వచ్చాను. కింద ఎదురైన గైడు అడిగాడు, అతను వాగు వైపు పోతే నువ్వు పైకి ఎందుకు వెళ్ళావు? అప్పటికీ వెలుతురు ఉంది. అప్పుడైనా చెప్పవచ్చు. ఊరికే, అన్నాను.

ఆ రాత్రి గురించి రాయను.

మర్నాడు వెలుగు రాగానే అతన్ని కనుక్కున్నది ధరమ్ సింగ్. దారి పక్కన ఒక పెద్ద రాయికి వీపు ఆనించి కూర్చున్నాడు ఓదెలు. శిబిరం నుంచి ఆరువందల నలభై అడుగులు. నేను లెక్కపెట్టాను. అలాంటి సమయంలో లెక్కపెట్టగలిగిన మనిషి ఎలాంటివాడో మీరే అనుకోండి. ఒక బూటు తాడు ఊడే ఉంది. సంచి విప్పి రెండో స్వెట్టరు తొడుక్కున్నాడు. కింద ప్లాస్టిక్ కవరు పరుచుకున్నాడు. అంటే కూర్చున్న వెంటనే పోలేదు. ఆలోచించాడు. ఆలోచించే మనిషికి తెలుసు, తన బిళ్ళ తనకంటే ముందు వెళ్ళిపోయిందని. ఈల ఎందుకు ఆగిందో కూడా తెలుసు. అది తెలిసి అతను అక్కడ ఎంతసేపు కూర్చున్నాడు?

అయిదుంబావు నుంచి చీకటి పడేదాకా ఎనభై అయిదు నిమిషాలు. ఆ మంచులో ఆరువందల నలభై అడుగులకు ఇరవై అయిదు నిమిషాలు. మోసుకురావడానికి ఇంకో నలభై వేసుకున్నా ఇరవై నిమిషాలు మిగులుతాయి. ఏడేళ్ళుగా ఈ తీసివేత చేస్తున్నాను. అప్పటికి బతికి ఉన్నాడో లేదో నాకు తెలియదు. తెలియదు అన్న మాట వెనక చాలాకాలం దాక్కున్నాను. లేడనుకుంటే నాకు సుఖం, అందుకే ఆ ఆలోచనను నమ్మను.

అందరికంటే బాగా రాసేది నేనే కాబట్టి చౌకీలో వాంగ్మూలం నేనే రాశాను. మిగతావాళ్ళు సంతకాలు పెట్టారు. ధరమ్ సింగ్ సంతకం పెట్టే ముందు నా ముఖం చూశాడు. తర్వాత పెట్టాడు.

మల్లేశం పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. లేచి కూర్చోగానే నన్ను పిలిపించాడు.

"అన్నా, ఓదెలు బిళ్ళ నేనే తెచ్చిచ్చిన్నా? నాకు గట్లనే యాదికస్తుంది."

"లేదురా. నువ్వు నీదొక్కటే ఇచ్చినవ్. తల ఎత్తనీకే రాకపాయె నీకు."

"గట్లనా" అన్నాడు. చాలాసేపు తన అరచేయి చూసుకున్నాడు. రెండో ఏడాది పని మానేసి చొప్పదండి దగ్గర అత్తగారి ఊరికి వెళ్ళిపోయాడు.

ఓదెలు భార్య లక్ష్మి మంచిర్యాలలోనే ఉంటుంది. బడిలో మధ్యాహ్నం వంట చేస్తుంది. ఒక్కతే కూతురు. గుడారంలో ఉన్నవాడు మంచులో బయటికి ఎందుకు పోతాడని బస్తీలో మాట పుట్టింది. తాగడానికి పోయి ఉంటాడన్నారు. పాతికేళ్ళు తాగిన మనిషి కదా, తేలికగా అతికింది. నేను ఎవరినీ అలా అనలేదు. అనాల్సిన పని లేకపోయింది.

ఏటా భాద్రపద అమావాస్యకు, పెత్రమాస నాడు, ఆమె అతని పేరున బియ్యమిచ్చి, నన్ను భోజనానికి పిలుస్తుంది. వెళ్తాను. వెళ్ళకపోతే అనుమానం వస్తుందని మొదటి ఏడాది వెళ్ళాను. ఆ తర్వాత వెళ్ళకుండా ఉండలేకపోయాను.

"అన్నా, తాగుడు బంద్ జేసి నాలుగేండ్లాయె. పిల్ల నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టేసిండు. మరి గా మంచుల ఎందుకు బయటికి పోయిండు?" అని అడిగింది మొదటి ఏడాది.

"తెల్వదు చెల్లె."

"నీ చేతికి బిళ్ళ ఇచ్చినప్పుడు ఏమన్నన్నడా?"

నేను విస్తరి వైపు చూశాను. ఆమెకు ఏదో ఒకటి ఇవ్వాలని నాకనిపించింది.

"ఏమనలే. నవ్విండు" అన్నాను.

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆ బిళ్ళ ఇవ్వమని అడిగి తీసుకుంది. ప్రతి ఏడాదీ అందరికంటే ముందు నాకు వడ్డిస్తుంది. ఆయన చేతిల కెల్లి ఆఖరికి తీసుకున్నది అన్ననే అని పిల్లకు చెబుతుంది. నవ్వుకుంట ఇచ్చిండట అంటుంది. ఆ నవ్వు నేను అప్పటికప్పుడు చేసి ఇచ్చినది. ఆమె దానితో ఏడేళ్ళు బతికింది. అబద్ధంతో మనిషిని చంపడం ఒకటి, అబద్ధంతో మనిషిని బతికించడం ఒకటి. రెండూ చేశాను. రెండోదే ఎక్కువ నొప్పిగా ఉంటుందని నాకు ముందు తెలియదు.

పోయిన నెల చొప్పదండి వెళ్ళాను. ఎందుకు ఇప్పుడు అంటే, మల్లేశం భార్య బస్సులో కనిపించి చెప్పింది. ఆయన మీద ఆయనకే నమ్మకం పోయిందని, పొలానికి నీళ్ళు పెట్టి వచ్చి, పెట్టానా లేదా అని మళ్ళీ వెళ్ళి చూస్తాడని. మర్నాడే బయల్దేరాను. మల్లేశం మక్క చేను గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నిలబడే చెప్పాను. నీకు గుర్తున్నది నిజమే, రెండు బిళ్ళలు నువ్వే ఇచ్చావు, నేనే తీసుకున్నాను, నేనే కాదన్నాను అని.

అతను చేతిలోని మక్క కంకి పొట్టు తీస్తూనే ఉన్నాడు. మొత్తం తీశాక అన్నాడు.

"ఏడేండ్లు నా తలకాయే ఖరాబైందనుకున్న అన్నా. తాళం ఏసిన్నో లేదో అని బస్సు దిగి ఇంటికి మర్లొచ్చేటోణ్ణి. డాక్టరు గోలీలు మింగిన."

నేను ఏదో అనబోయాను.

"వద్దు. ఏం చెప్పకు. నాకు చెప్పుడు అల్కనే. ఆమెకు చెప్పు వో" అన్నాడు. కంకి పక్కన పెట్టి చేనులోకి వెళ్ళిపోయాడు. నేను గంటసేపు గట్టు మీద ఉన్నాను. అతను మళ్ళీ రాలేదు.

లక్ష్మికి చదువు రాదు. కాబట్టి ఈ కాగితం ఆమె చేతికిచ్చి వచ్చేయడం కుదరదు. ఎదురుగా కూర్చుని నేనే చదవాలి, అసలు పేర్లతో. చదివితే ఆమె భర్త తాగడానికి పోలేదని, ఒట్టు తప్పలేదని తెలుస్తుంది. అతను నవ్వలేదనీ తెలుస్తుంది. ఒకటి ఇచ్చి ఇంకొకటి లాక్కుంటాను. ఏది ఎక్కువో లెక్క వేయలేను. క్షమించమని అడగను. అడిగితే జవాబు చెప్పే భారం కూడా ఆమె మీదే వేసినట్టవుతుంది. ఆదివారం బడి ఉండదు. పొద్దున పదింటికి ఇంట్లోనే ఉంటుంది.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒకసారి గట్టిగా చదివి చూసుకున్నాను. ఓదెలు శిబిరానికి రాలేదు, వచ్చాడని నేను అబద్ధం చెప్పాను అన్న చోట ఆగిపోయాను. నీళ్ళు తాగి మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఈసారి ఆగలేదు. మల్లేశానికి చెప్పింది బిళ్ళల సంగతే, ఈ మాట నా నోటితో అని నా చెవులతో వినడం అదే మొదటిసారి.